అందరినీ అడిగానని చెప్పగలరు

పెళ్లి ఆగిపోవడానికి వాన చాలు, వంటవాడు చాలు, అలిగిన తోడల్లుడు చాలు. నేను వీటిలో ఏదీ వాడలేదు. మూడు మాటల వాక్యం ఒకటి కంప్యూటర్లో ముచ్చటగా టైపు చేసి, ఐదు రూపాయల స్టాంపు అంటించి, పోస్టు డబ్బాలో వేశాను. అంతే. కవిటి దగ్గర ఒక ఊళ్లో, ఎనిమిది రోజుల్లో పెళ్లి కావలసిన గౌరి అనే పిల్లకి పెళ్లిపీటల దాకా తన కాళ్లతో తనే నడిచి వెళ్లాల్సిన గతి పట్టించబోయాను.

నడిచి వెళ్తే ఏం పోయింది అంటారా? అప్పట్లో నేనూ అదే అన్నాను. అందుకే ఇప్పటికీ మబ్బు పడితే చాలు, నా నడుము పట్టేస్తుంది. ఆ పెళ్లికీ ఈ నడుముకీ సంబంధం ఏమిటో వరసగా చెప్తాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నాకు ఇరవై నాలుగేళ్లు. పేరు ప్రభుదాసు, ఊరు టెక్కలి, చదువు డిగ్రీ, దాని మీద ఆరు నెలల కంప్యూటరు కోర్సు. మూడేళ్ల డిగ్రీ ఇవ్వలేని పొగరు ఆరు నెలల కోర్సు ఇచ్చింది. పలాసలో జీడిపప్పు దుకాణాల వరసలో, ఒక మేడ మెట్ల కింద గదిలో, రెండు కంప్యూటర్లూ ఒక ప్రింటరూ పెట్టి ఇంటర్నెట్ సెంటరు తెరిచాను. వచ్చేవాళ్లంతా పరీక్షా ఫలితాల కోసం వచ్చేవాళ్లు. ఏడాదిలో ఫలితాలు రెండుసార్లే వస్తాయి. మిగతా రోజులు నేను ఈగలతో కాలక్షేపం చేసేవాణ్ని.

అలా కూర్చుని కూర్చుని ఒక రోజు నాకు ఆలోచన వచ్చింది. ఖాళీగా ఉన్నవాడికి ఆలోచన రావడం ఎంత ప్రమాదమో మీకు తెలియనిది కాదు.

పలాస, కవిటి చుట్టుపక్కల మా ఉద్దానంలో ఇంటికొకడు బయటే ఉంటాడు. మస్కట్లో వెల్డరు, ముంబైలో ఫిట్టరు, అండమాన్లో తాపీమేస్త్రి. అక్కడినుంచి ఉత్తరం రావాలంటే పదిహేను రోజులు. ఫోనుంది కదా అంటారేమో. ఊరికి ఒకటో రెండో ఫోన్లు. పక్కింటివాళ్ల వరండాలో నిలబడి "ఆఁ, ఇనపడతంది, ఇనపడతంది" అని మూడుసార్లు అరిచేసరికి లైను తెగిపోయేది. పైగా ఉత్తరాన్నయితే పదిసార్లు చదివించుకోవచ్చు, ఫోనుని చదివించుకోలేరు కదా.

కాబట్టి టపాబండి డాట్ కామ్ పుట్టింది. అక్కడి కుర్రాడు అక్కడి నెట్ షాపులో కూర్చుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టి నాకు పంపుతాడు. నేను వాటిని తెలుగు అక్షరాల్లో టైపు చేసి, ప్రింటు తీసి, కవర్లో పెట్టి పలాసలో పోస్టు చేస్తాను. రెండో రోజుకల్లా కవిటిలోనో బారువలోనో వాళ్లింట్లో ఉంటుంది. మొదటి రెండు నెలలు ఉచితం.

ముందుగా మా అమ్మకి వివరించాను. అమ్మ ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. చదువు రాని రోగులకి ఉత్తరాలు చదివి పెట్టడం ముప్పై ఏళ్లు ఆవిడ పనే.

"సేతిరాత ఉండదేటి మరి?" అంది.

"ఉండదమ్మా. ప్రింటు. ముత్యాల్లా ఉంటాయి అక్షరాలు."

"మరి రాసినోడికి ఏడుపొత్తే కాయితమ్మీద మరకెలాగ పడతాదిరా?"

ఈ ప్రశ్నకి కోర్సులో జవాబు చెప్పలేదు. పెద్దవాళ్లకి టెక్నాలజీ అర్థం కాదని జాలిపడి ఊరుకున్నాను.

ప్రారంభం రోజున మా పాస్టరుగారు ప్రార్థన చేశారు, మేడ ఓనరు కొబ్బరికాయ కొట్టాడు. రెండువైపులనుంచీ ఆశీర్వాదమే. అడ్డం పడింది నేనొక్కణ్నే.

ఉత్తరాలు రావడం మొదలైంది. మొదటి వారం ఏడు, రెండో వారం పాతిక, ఆ తర్వాత లెక్క తప్పింది. నా చేతివేళ్లు జీడిగింజలు కొట్టేవాళ్ల వేళ్లలాగా తయారయ్యాయి. అప్పుడు గమనించాను ఒక సంగతి. ఏ ఉత్తరంలోనైనా కబురు మూడు ముక్కలే. నేను బాగున్నాను, పని బాగుంది, ఇక్కడి కూర బాగులేదు. ఆ తర్వాత ఇక పేర్లు. పెదనాన్నని అడిగానని చెప్పు, చిన్నమ్మని అడిగానని చెప్పు, ఎదురింటి బంగారమ్మత్తని అడిగానని చెప్పు, ఆవిడ మోకాలిని కూడా అడిగానని చెప్పు. కబురు మూడు లైన్లు, పేర్లు ముప్పై లైన్లు.

ఇంతకీ అడిగానని చెప్పు అంటే ఏం అడిగినట్టు? ఏమీ అడగలేదు. ఊరికే అడిగినట్టు. ఏమీ అడగనిదాన్ని ముప్పై లైన్లు టైపు చేయడానికి నేను డిగ్రీ చదివానా?

కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. టైపు కొట్టి పంపే వెల్డరుకి లేని విసుగు ప్రింటు తీసే నాకు వచ్చింది. ఒక నియమం పెట్టుకున్నాను. ఉత్తరంలో మొట్టమొదటి 'అడిగానని' ఎక్కడ కనిపిస్తే అక్కడ కత్తెర. అక్కడినుంచి చివరిదాకా ఉన్నదంతా తీసేసి, ఒకే ఒక్క వాక్యం: అందరినీ అడిగానని చెప్పగలరు. నలభై పేర్లు ఒక మాటలో ఇమిడిపోయాయి. నా తెలివికి నేనే ముచ్చటపడి, ఆ రోజు రెండు టీలు తాగాను.

కత్తెర పెట్టిన మొదటి రోజునే వచ్చింది కిట్టయ్య ఉత్తరం. కిట్టయ్య గౌరికి అన్న. మస్కట్లో వెల్డరు. చెల్లి పెళ్లికి సెలవు దొరకలేదని వాళ్ల నాన్న దానయ్యకి రాశాడు. మూడు లైన్లు అయ్యేసరికి 'ఢిల్లేసు మావని అడిగానని' అని మొదలైంది. నేను అక్కడే తుంచేశాను. ఆ కింద ఏముందో కంటితో చూడను కూడా లేదు. ప్రింటు తీస్తే ఎంత నీటుగా వచ్చిందో చూడండి: "నాన్నకు, సెలవు ఇవ్వలేదు. చెల్లి పెళ్లికి రాలేను. నేను బాగున్నాను. అందరినీ అడిగానని చెప్పగలరు." కోర్టు సమన్లు కూడా అంత క్లుప్తంగా ఉండవు.

ఇప్పుడు ఢిల్లేశ్వరరావు గురించి చెప్పాలి. గౌరికి మేనమామ. అక్క పోయిన తర్వాత ఆ ఇద్దరు పిల్లల్నీ సగం పెంచింది ఆయనే. వాళ్ల పెళ్లిళ్లలో పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి మోసుకొచ్చేది మేనమామ. ఆయన మొయ్యనంటే ముహూర్తం ఎంత మంచిదైనా ఉపయోగం లేదు. మా చర్చి పెళ్లిళ్లలో పెళ్లికూతురు నడిచే వస్తుంది కనక నాకు గంప సంగతి పట్టలేదు.

ఆ ఊళ్లో ఉత్తరం వస్తే వీధి వీధంతా దానయ్య వరండాలో చేరుతుందట. గౌరి చదవాలి, ఎవరి పేరు వస్తే వాళ్లు "ఆఁ" అనాలి. మొదటి పేరు ఎప్పుడూ ఢిల్లేసు మావదే. ఆ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చి కూర్చున్నాడు. తర్వాత జరిగినదంతా దానయ్యే నాకు చెప్పాడు.

గౌరి చదివి ఆపింది.

"మరి?" అన్నాడు ఢిల్లేసు.

"అంతే మావా."

"ఎనకాల సూడు."

"ఎనకాల తెల్లగుంది."

"కవరు దులుపు."

దులిపింది. ఏమీ రాలలేదు.

"అందరినీ అడిగానన్నాడు కదా మావా," అంది గౌరి, భయంభయంగా.

"అందర్లోనా నాను?" అన్నాడు ఢిల్లేసు. ఆయన లేచి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. "అలాగైతే గంప కూడా ఆ అందర్నే మొయ్యమనండి," అని వెళ్లిపోయాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు. ఇక్కడ మేనల్లుడు అడిగినా కంప్యూటరు అడగనివ్వలేదు.

మర్నాడు దానయ్య పలాస వచ్చాడు. కవరు మీద మా అడ్రసు పట్టుకుని, దుకాణం దుకాణమూ అడుగుతూ వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పాడు. వరండాలో జరిగింది చెప్పాడు, ఇక నన్ను తిడతాడేమోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. కానీ ఆయన ఎంతో మర్యాదగా నా ఎదురుగా కూర్చున్నాడు.

"బాబూ, మావోడికి ఈ డబ్బాలోంచి కబురెల్తాదంట కదా. నాను సెప్తాను, రాయి."

"చెప్పండి."

"ఒరే కిట్టిగా, నీకు కొమ్ములొచ్చినాయేట్రా, అని రాయి."

రాశాను.

"ఎత్తుకుని పెంచిన మావని ఒక్క మాట అడగనేకపోనావా. నీ సెల్లిని ఇప్పుడెవులు మోత్తారు. నీ కల్లు నెత్తికెక్కినాయి, అని రాయి."

నా తప్పుకి ఇంకొకడిని తిడుతుంటే నేనే టైపు చెయ్యడం. ఫ్యాను తిరుగుతూనే ఉంది, చెమట కారుతూనే ఉంది. దానయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకేమైనా రాయాలా?" అన్నాను.

"ఆకర్న, వొల్లు జాగర్త అని రాయి. ఏలకి తింతన్నాడో నేదో అడుగు. మరి ఆడి గదిలో ఉన్నోల్లని అడిగానని సెప్పమను. పేర్లు సెప్తాను రాసుకో."

పదకొండు పేర్లు చెప్పాడు. ఒక్కణ్నీ ఆయన కళ్లతో చూడలేదు. అందులో ఇద్దరు కేరళవాళ్లు, ఒకడు బంగ్లాదేశ్ వాడు. వాడికి పంటినొప్పి తగ్గిందో లేదో కూడా అడగమన్నాడు.

ఆ క్షణాన నిజం ఒప్పేసుకుని ఉంటే కథ ఇక్కడే ముగిసేది, నా నడుమూ నాకు దక్కేది. సిగ్గు అడ్డం వచ్చింది. టపాబండి పేరు పోతుందని భయం కూడా. తప్పు తెలివిగా దిద్దుకుందామనుకున్నాను. కిట్టయ్యే మళ్లీ రాసినట్టు ఢిల్లేసు మావకి నేరుగా ఒక ఉత్తరం పంపేస్తే సరి. ఈసారి పేర్లకి లోటు రానివ్వకూడదు.

"మీ బామ్మర్దిగారి ఇంట్లో, చుట్టుపక్కలా ఎవరెవరుంటారండీ?" అని అడిగాను.

"ఎందుకు బాబూ?"

"రికార్డు కోసం."

రికార్డు అనే మాటకి ఉద్దానంలో ఎదురుండదు. పాపం, ఇరవై రెండు పేర్లు చెప్పాడు. ఆయన వెళ్లగానే ఉత్తరం తయారుచేశాను. పేర్లు గజిబిజిగా ఉన్నాయని, పద్ధతిగా ఉంటుందని, అక్షరక్రమంలో పెట్టాను. అచ్చం ఓటర్ల జాబితాలా వచ్చింది. పోస్టు చేసి, మళ్లీ రెండు టీలు తాగాను.

పెళ్లి ఇంకా మూడు రోజులుందనగా మా గదికి వెలుతురు తగ్గింది. తలెత్తి చూస్తే గుమ్మం నిండా ఒక మనిషి. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాలు. చెప్పకుండానే అర్థమైంది, ఢిల్లేశ్వరరావు. నా ఉత్తరం తెచ్చి కీబోర్డు మీద పరిచాడు.

"ఇది ఎవులు రాసినారు?"

"మీ మేనల్లుడేనండి. ఎంత ప్రేమగా రాశాడో."

"మొదట ఎవులున్నారు?"

"అప్పలనర్సమ్మగారు."

"నా పెల్లాం. సరే. తరవాత?"

"ఎర్రన్న."

"నా తోటలో కొబ్బరికాయలు దించినోడు. మంచోడే. తరవాత?"

"కామయ్య."

"నా గట్టు మీద నాలుగు సెట్లు నరికీసినోడు. కోర్టులో ఉంది మాది. తరవాత?"

అలా ఒక్కొక్కర్నీ చదివించాడు. ఆయన పేరు పదకొండోది.

"కామయ్య మూడోవోడు, నాను పదకొండోవోణ్నా?"

"అది అక్షరక్రమం అండీ."

"ఆ అచ్చరక్రమం ఎవులు బాబూ, మా ఇంటి వరసలు సెప్పడానికి?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉన్నా బాగుండేది.

"మా కిట్టిగాడు కామయ్య పేరు కలలో కూడా తలవడు. నా పేరు ఎవుల ఎనకాలా పెట్టడు. ఇది ఆడు రాసింది కాదు. ఆడు రాసిందేటో సెప్పు."

ఒప్పుకున్నాను. కత్తెర సంగతి, అందరి సంగతి, రికార్డు సంగతి, అంతా చెప్పేశాను. కంప్యూటర్లో అసలు ఉత్తరం వెతికి తీశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది కనక ఆయన చదవలేడు. నేనే చదివాను, ఆ ముక్క నేనూ చదవడం అదే మొదటిసారి.

"ఢిల్లేసు మావని అడిగానని చెప్పు. మావా, చెల్లి గంప రెండో పక్క నేను పట్టాలి. పట్టలేకపోతున్నాను. నువ్వుంటే అమ్మ ఉన్నట్టే. నా బదులు కూడా నువ్వే నిలబడు. చెల్లి ఏడిస్తే ఊరుకోబెట్టు. నేను అడిగానని మావకి గట్టిగా చెప్పు నాన్నా."

చదవడం ఆపి తలెత్తలేకపోయాను. నేను చెత్త అని ఊడ్చేసిన చోటే అసలు ఉత్తరం ఉంది. పైనున్న మూడు లైన్లూ ఎవరైనా రాయగలిగినవే.

"ఇంకోపాలి సదువు," అన్నాడు ఢిల్లేసు. చదివాను. "ఇంకోపాలి." చదివాను. ఆయన తువ్వాలు ముఖం మీదికి తీసుకుని చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు.

"కింద ఇంకా ఎంతమందున్నారు?"

"నలభై రెండు మందండి."

"ఈ నలభై రెండు మందీ పెల్లోరింటి గడప తొక్కడం మానీసినారు. ఎవులికాల్లు, నన్నూ అందర్లో కలిపీసినాడనుకుని మూతి ముడుసుకుని కూకున్నారు. పందిరికి తాటాకులు మోసేవోడు నేడు. నా ఒక్కడి గొడవే అయితే ఇక్కడే వదిలీసి పోదును. పెల్లికి రా. ఆ కాయితం పట్టుకుని రా."

ఆ సాయంత్రం టెక్కలి వెళ్లి అమ్మకి అంతా చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట ఆపకుండానే అంది, "సర్చిలో ఆదోరం ఆదోరం బైబిల్లోంచి సదివే ఉత్తరాలు ఇంటన్నావేటి నువ్వు? సివరి పేజీ అంతా పేర్లే కదరా. ఇంతమంది పాస్టర్లలో ఒక్కడైనా కత్తిరించినాడా?"

పెళ్లి పొద్దున్నే. పందిట్లో మైకు నా చేతికిచ్చారు. జీవితంలో మొట్టమొదటిసారి నలభై మూడు పేర్లు, వరస తప్పకుండా, ఒక్క అక్షరం మింగకుండా చదివాను. పేరు వచ్చినవాళ్లు "ఆఁ" అంటున్నారు. బంగారమ్మత్త లాంటి ముసలావిడ ఒకావిడ లేచి నిలబడి, "మల్లీ సదువు బాబూ, మా కోడలు ఇన్నేదు," అంది. చదివాను. ఆరు రోజులుగా మూతులు ముడుచుకున్న వీధి వీధంతా అక్కడే కలిసిపోయింది. వంటల దగ్గరికి కొందరు, విస్తళ్ల దగ్గరికి కొందరు, ఎవరూ చెప్పకుండానే పరిగెత్తారు.

హమ్మయ్య అనుకుని మైకు కింద పెట్టాను. అప్పుడు గంప తెచ్చారు. గౌరి కూర్చుంది. అన్నం దగ్గర మొహమాటపడే పిల్ల కాదని చూడగానే తెలిసింది. ఢిల్లేసు మావ ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క ఖాళీగా ఉంది. ఆయన చుట్టూ చూసి, నా మీద చూపు ఆపాడు.

"రా."

"నేనా? నాకేం సంబంధమండీ?"

"గంప ఆ అందర్నే మొయ్యమన్నాను కదా. ఆ అందర్లో నువ్వొకడివి. పట్టు."

పట్టాను. పట్టకపోతే అక్కడినుంచి బయటపడేదెలా? అప్పటిదాకా నేను మోసిన పెద్ద బరువు మానిటరు. లేపాం. నాలుగు అడుగులు వేశాం. గంపలోంచి గౌరి మెల్లగా అంది, "బాబూ, నన్ను మాత్రం మధ్యలో కత్తిరించీకు."

నవ్వొచ్చింది. బరువు మోసేటప్పుడు నవ్వకూడదని అప్పుడే తెలిసింది. నడుములో ఏదో టక్కుమంది. పళ్లు బిగించి పీటల దాకా మోశాను, గౌరిని పదిలంగా దించాను, తర్వాత నేను వంగినవాణ్ని వంగినట్టే ఉండిపోయాను. చూసినవాళ్లు, టెక్కలి కుర్రాడు కిరస్తానం వాడైనా పెళ్లికూతురికి ఎంత వినయంగా దండం పెడుతున్నాడో అని మెచ్చుకున్నారట.

పది రోజులు మంచం మీద ఉన్నాను. లేచి పలాస వెళ్లి కంప్యూటరు తెరిస్తే కిట్టయ్య ఉత్తరం వచ్చి ఉంది, పెళ్లి సంగతులు ఎవరో ఫోనులో అరిచి చెప్పినట్టున్నారు. ఢిల్లేసు మావని అడిగానని మొదలుపెట్టి, ఈసారి నలభై నాలుగు పేర్లు. చివరి పేరు దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. "గంప రెండో పక్క పట్టిన పలాస ప్రభుదాసుని అడిగానని చెప్పు. ఆయన నడుముని కూడా అడిగానని చెప్పు."

అడిగానంటే ఏం అడిగినట్టు అని కదా నేను ఎగతాళి చేశాను. ఎక్కడో మస్కట్లో, నేను ఎప్పుడూ చూడని మనిషి, ఎండలో పని దిగి వచ్చి, నా పేరు ఒక్కొక్క అక్షరం కొట్టాడు. అంతే అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ప్రింటు తీసిన కాగితం మీద మరక పడింది. అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు అలా దొరికింది.

టపాబండి ఇంకో మూడేళ్లు నడిచింది, ఒక్క పేరూ కత్తిరించకుండా. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్ ఫోన్లు వచ్చాయి, బండి ఆగింది.

కాబట్టి టెక్కలి వాస్తవ్యుడనైన ప్రభుదాసు అనే నేను, ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి నడుము మీద ఉంచి, పూర్తి స్పృహతో చేస్తున్న ప్రమాణం ఏమనగా: బతికున్నంతకాలం ఒకరి పేరు ఇంకొకరి ఉత్తరంలోంచి తీసెయ్యను, మనుషుల్ని అక్షరక్రమంలో నిలబెట్టను, అందరూ అనే మాట నా నోట రానివ్వను. ఇంత ఓపికగా చదివిన మీ అందరికీ...

ఆగండి. కాగితం తీస్తున్నాను. ఒక్కొక్కరే పేర్లు చెప్పండి. ముందు మీ మావగారిది.